మునిగిన యుద్ధకాలపు సబ్‌మెరైన్ పేరు తేల్చడం ఎలా? విశాఖ తీరంతో మొదలుపెడదాం

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. దానికి ఎదురుగా కనిపించే సముద్రంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ పడి ఉందని వాళ్లలో చాలామందికి తెలుసు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో 93 మందితో అది మునిగిపోయింది. తెలియని సంగతి ఏమిటంటే, ఈ తీరంలో ఇంకో సబ్‌మెరైన్ కూడా ఉంది. దాని పేరు ఆర్‌ఓ-110, జపాన్ వాళ్లది. 1944 ఫిబ్రవరిలో కొలంబో నుంచి కలకత్తా వెళ్తున్న ఓడల గుంపు మీద పడి, ఆస్ఫాలియన్ అనే బ్రిటిష్ సరుకుల ఓడను టార్పెడోతో కొట్టింది. కాపలాగా ఉన్న మన రాయల్ ఇండియన్ నేవీ నౌక జమున, ఆస్ట్రేలియా నౌకలు లాన్సెస్టన్, ఇప్స్‌విచ్ కలిసి దాన్ని ముంచేశాయి.

ఇప్పుడు ఒక పరిస్థితి ఊహించండి. ఈ తీరంలో ఎవరో సోనార్ (శబ్దంతో సముద్రపు అడుగును చూసే పరికరం) లాగారు. తెర మీద పొడుగాటి చుట్ట లాంటి ఆకారం కనిపించింది. అది ఘాజీయా? ఆర్‌ఓ-110 ఆ? రెండూ కాని మూడోదా? అసలు సబ్‌మెరైనేనా? ఈ ప్రశ్నకు జవాబు తేల్చే పద్ధతి ఒక్కో అడుగూ చెబుతాను. ఇదే పద్ధతి యూ-బోట్లు అనే జర్మన్ సబ్‌మెరైన్లకూ, అమెరికా బోట్లకూ పనిచేస్తుంది.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇవి సమాధులు. లోపల మనుషులున్నారు. యుద్ధనౌక మునిగినా ఏ దేశానిదో ఆ దేశానిదే అన్నది చాలా దేశాలు ఒప్పుకున్న మాట. బ్రిటన్‌లో 1986 నుంచి, అమెరికాలో 2004 నుంచి ఇందుకు ప్రత్యేక చట్టాలున్నాయి. ఘాజీ ఎక్కడుందో మన నేవీ లోతు రక్షణ వాహనం (మునిగిన సబ్‌మెరైన్‌లో చిక్కుకున్నవాళ్లను కాపాడేది) మళ్లీ గుర్తించిందని 2024లో వార్తలొచ్చినప్పుడు కూడా, చనిపోయినవారి మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదనే చెప్పారు. పైగా విశాఖ నావికా స్థావరం. అనుమతి లేకుండా అక్కడ సోనార్ వేద్దామని, డైవ్ చేద్దామని బయలుదేరొద్దు. నిజం చెప్పాలంటే ఈ పనిలో ముప్పాతిక భాగం ఇంట్లో టేబుల్ ముందు కూర్చుని చేసేదే.

మొదటి అడుగు: అనుమానితుల జాబితా

కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే. శిథిలం దొరగ్గానే "ఇది ఫలానాది" అని ఒక పేరు పెట్టేసుకుని, తర్వాత ఆ పేరుకు రుజువులు వెతుకుతారు. అలా వెతికితే రుజువులు దొరుకుతాయి కూడా, అదే గొడవ. చేయాల్సింది దీనికి తిరగేసిన పని. ఆ ప్రాంతంలో ఉండే అవకాశమున్న బోట్లన్నీ రాసుకోవాలి. తర్వాత ఒక్కోదాన్నీ ఎందుకు కాదో చూపించి కొట్టేస్తూ పోవాలి. చివరికి కొట్టేయలేనిది ఒక్కటే మిగిలితే దాని పేరు చెప్పాలి.

జాబితాలో మూడు రకాలు ఉండాలి. ఆ ప్రాంతంలో మునిగాయని రికార్డుల్లో ఉన్నవి. ఆ వైపు బయలుదేరి మళ్లీ కబురు లేనివి. ఇక మూడో రకాన్ని చాలామంది వదిలేస్తారు: వేరే చోట మునిగాయని రికార్డుల్లో ఉన్నా, ఆ మాటకు గట్టి ఆధారం లేనివి. మునిగిన చోట మనుషులెవరూ ప్రాణాలతో దొరక్కపోతే, నూనె తెట్టు, బుడగలు తప్ప ఏమీ తేలకపోతే, ఆ రికార్డు పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి.

ఇది ఎందుకంత ముఖ్యమో యూ-869 కథ చెబుతుంది. 1991లో అమెరికాలో న్యూజెర్సీ తీరానికి దూరంగా, సుమారు 70 మీటర్ల లోతులో డైవర్లకు ఒక జర్మన్ యూ-బోట్ దొరికింది. ఆ చుట్టుపక్కల ఏ యూ-బోటూ మునిగినట్టు ఎవరి రికార్డుల్లోనూ లేదు. అదే ఏడాది లోపలి నుంచి ఒక కత్తి బయటికొచ్చింది. పిడి మీద "హోరెన్‌బుర్గ్" అని చెక్కి ఉంది. ఆ పేరుగల నావికుడు యూ-869లో పనిచేశాడు. కానీ యూ-869ను 1945 ఫిబ్రవరిలో మొరాకో తీరాన రబాత్ దగ్గర ముంచేశామని యుద్ధం తర్వాత రాసిన లెక్కల్లో ఉంది. అందుకని కత్తి అక్కడికి ఇంకెలాగో వచ్చి ఉంటుందని పక్కన పెట్టేశారు. చివరికి 1997లో విడిభాగాల పెట్టె మీది రేకు దొరికింది, దాని మీద యూ-869 అని ఉంది. రికార్డు మార్చారు. ఈలోపు ఆ శిథిలం మీద డైవ్ చేస్తూ ముగ్గురు చనిపోయారు. కత్తి మొదటి ఏడాదే నిజం చెప్పింది, కాగితమే తప్పు. జాబితా తయారు చేసేటప్పుడు రబాత్ మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని ఉంటే ఆ కత్తి విలువ అప్పుడే తెలిసేది.

రెండో అడుగు: కాగితాలను గుచ్చి గుచ్చి అడగడం

ఒకే సంఘటనకు రెండు వైపుల కాగితాలు ఉంటాయి, ముంచినవాళ్లవీ మునిగినవాళ్లవీ. రెండూ చూడాలి. జర్మన్ బోట్ల యుద్ధ డైరీలు, అమెరికా గస్తీ రిపోర్టులు, లండన్ శివారులో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటిష్ ఆర్కైవ్స్, జపాన్ ప్రభుత్వం ఇంటర్నెట్‌లో పెట్టిన పాత సైనిక పత్రాలు, ఇవన్నీ ఇప్పుడు చాలావరకు అందుబాటులో ఉన్నాయి. భాష రాకపోతే వచ్చినవాళ్లను పట్టుకోండి. వీలైతే ఎవరో చేసిన అనువాదంతో సరిపెట్టుకోకుండా అసలు కాగితం చూపించుకోండి.

అసలు కాగితం ఎందుకంటే, గ్రేబ్యాక్ ఉంది కదా. 1944 ఫిబ్రవరిలో 80 మందితో మాయమైన అమెరికా సబ్‌మెరైన్ అది. యుద్ధం తర్వాత జపాన్ రికార్డులను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు, మునిగిన చోటు అక్షాంశ రేఖాంశాల్లో ఒక్క అంకె తప్పు పడింది. ఆ ఒక్క అంకెతో అసలు చోటుకు సుమారు వంద మైళ్ల దూరం వచ్చింది. దశాబ్దాలపాటు అందరూ ఆ తప్పు చోటునే నమ్మారు. యుతాకా ఇవాసాకి అనే జపాన్ పరిశోధకుడు ఒకినావాలోని నాహా వైమానిక స్థావరం పంపిన అసలు రేడియో రిపోర్టు తిరగేసినప్పుడు తేడా బయటపడింది. 2019 జూన్‌లో ఒకినావా దగ్గర 1,427 అడుగుల లోతులో బోటు దొరికింది.

మీరే లెక్క వేసి చూడండి. విశాఖ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 106 కిలోమీటర్లు. డిగ్రీ అంకె ఒకటి అటూఇటూ అయితే అంత దూరం పోతాం. నిమిషాల్లో పదుల స్థానం ఒకటి తప్పితే 17 కిలోమీటర్ల పైచిలుకు. అందుకే రిపోర్టులో ఉన్న చోటును చుక్కగా కాకుండా వృత్తంగా గీయాలి. ఆకాశంలో నక్షత్రాలు చూసి లెక్కగట్టిన చోటైతే వృత్తం చిన్నది. మబ్బు పట్టి, వేగం, దిశ మీద అంచనాతో రాసినదైతే పెద్దది. తీరంలో కొండ, లైట్‌హౌస్ కనిపిస్తూ కొలిచిందైతే ఇంకా చిన్నది.

టైము మరో ఉచ్చు. జపాన్ నేవీ ఏ సముద్రంలో ఉన్నా టోక్యో టైమే రాసేది. మన దేశంలో 1942 నుంచి 1945 దాకా గడియారాలు ఒక గంట ముందుకు జరిపి నడిపారు. ఆ లెక్కన అప్పటి మన టైము రాత్రి 10 గంటలైతే టోక్యోలో పన్నెండున్నర, అంటే మరుసటి తేదీ. ఆర్‌ఓ-110 మునిగింది ఫిబ్రవరి 11 అని కొన్నిచోట్ల, 12 అని కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇలాంటి తేడా చూడగానే రెండు వేర్వేరు సంఘటనలని కంగారు పడకుండా, ముందు ఎవరు ఏ గడియారం చూసి రాశారో అడగండి. మైళ్లు అన్నచోట సముద్రపు మైలా, మామూలు మైలా అన్నదీ చూసుకోండి. సముద్రపు మైలు 1,852 మీటర్లు. నా నోట్సులో ఒకసారి ఈ రెండూ కలిసిపోయి, ఒక సాయంత్రమంతా తప్పు వృత్తంలో కూర్చున్నాను.

మూడో అడుగు: చోటు

చోటు చూపించేది చాలాసార్లు మత్స్యకారులే. వల చిక్కి తెగే చోటు ఏదో బోటు నడిపే సరంగుకు నోటికి వస్తుంది. లోతు బారల్లో చెబుతారు, బారంటే సుమారు ఆరడుగులు. ఏ చేప పడుతుందో కూడా అడగండి. మెత్తటి మట్టి ఉండాల్సిన చోట రాళ్ల మధ్య బతికే చేపలు పడుతున్నాయంటే అడుగున గట్టి వస్తువు ఏదో ఉన్నట్టే. మిగతాది సర్వే కంపెనీల పని: పైపులైన్లు, కేబుళ్లు వేసేముందు అడుగంతా గాలిస్తారు కాబట్టి శిథిలాలు బయటపడుతుంటాయి.

నాలుగో అడుగు: సోనార్ బొమ్మను కొలవడం

సైడ్‌స్కాన్ సోనార్ అనే చేప లాంటి పరికరాన్ని తాడుతో లాగుతూ రెండు పక్కలకూ శబ్దం పంపిస్తారు. గట్టి వస్తువు తెల్లగానో, పసుపుగానో మెరుస్తుంది. దాని వెనక శబ్దం చేరని చోట నల్లటి నీడ పడుతుంది. కొత్తవాళ్లు మెరుపు చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు నీడ చూస్తారు. సాయంత్రం ఎండలో మనిషి నీడను బట్టి మనిషెవరో పోల్చుకున్నట్టే, కానింగ్ టవర్ (సబ్‌మెరైన్ పైన బురుజులా లేచి ఉండే భాగం), పెరిస్కోప్, పైకి లేచిన తోక నీడలోనే స్పష్టంగా తెలుస్తాయి.

నీడతో ఎత్తు కూడా వస్తుంది. నీడ పొడవును సోనార్ అడుగుకు ఎంత ఎత్తులో ఉందో దాంతో గుణించాలి. వచ్చినదాన్ని, సోనార్ నుంచి వస్తువుకు ఉన్న దూరం, నీడ పొడవు రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు సోనార్ అడుగుకు 15 మీటర్ల పైన ఉంది, వస్తువు 60 మీటర్ల దూరంలో ఉంది, నీడ 20 మీటర్లు. 20ని 15తో గుణిస్తే 300. దాన్ని 80తో భాగిస్తే 3.75 మీటర్లు. అంటే ఆ చోట శిథిలం మట్టిపైన అంత ఎత్తు నిలబడి ఉంది.

ఇక పొడవు. ఘాజీ సుమారు 95 మీటర్లు, వెడల్పు 8.3. ఆర్‌ఓ-110 సుమారు 61 మీటర్లు, వెడల్పు 6. కొలిచేస్తే అయిపోతుంది కదా అనిపిస్తుంది. అయిపోదు. పేలుడులో ముందు కొస విరిగి పక్కకు పడితే 95 మీటర్ల బోటు 65 మీటర్లుగా కనిపించొచ్చు. కొస మట్టిలో కూరుకుపోయినా అంతే. లాగే బోటు వేగం మారితే బొమ్మ సాగుతుంది, కుంచించుకుపోతుంది. అందుకే కనీసం రెండు దిశల్లో లాగి కొలవాలి. గుర్తుంచుకోవాల్సిన సూత్రం: శిథిలం కొలత అసలు కంటే తక్కువ రావచ్చు గానీ, విరగని ఒకే ముక్క కొలత ఎక్కువ రాదు. తెగకుండా 75 మీటర్లు ఉన్న ముక్క దొరికితే ఆర్‌ఓ-110ను కొట్టేయొచ్చు. 58 మీటర్లు వస్తే మాత్రం ఘాజీని కొట్టేయలేరు.

వెడల్పును మరీ నమ్మొద్దు. సబ్‌మెరైన్‌కు లోపల మందపాటి గట్టి గొట్టం, దాని చుట్టూ పల్చటి రేకుతో నీటి ట్యాంకులు ఉంటాయి. ఉప్పునీటికి ముందు పోయేది ఆ పల్చటి రేకే. దశాబ్దాలు గడిచాక మిగిలేది లోపలి గొట్టం, అది సహజంగానే సన్నగా ఉంటుంది.

కొలతలు సరిగ్గా తీయకపోతే ఏమవుతుందో గల్ఫ్ ఆఫ్ మెక్సికో చూపించింది. రాబర్ట్ ఇ. లీ అనే ప్రయాణికుల ఓడ శిథిలం పక్కనే ఇంకో ఆకారం 1986లోనే కనిపించింది. అది ఆల్కోవా ప్యూరిటన్ అనే సరుకుల ఓడ అనుకున్నారు. 2001లో పైపులైన్ సర్వే కోసం నీటి అడుగున తిరిగే రోబో మెరుగైన బొమ్మ తీస్తే, సరుకుల ఓడకు కావలసినంత పొడవు అక్కడ లేదు. అది 76.8 మీటర్ల జర్మన్ బోటు, యూ-166.

ఐదో అడుగు: దగ్గర నుంచి చూడటం

ఇక్కడ నీటి అడుగు కెమెరా రోబో గానీ, లోతు డైవింగ్‌లో శిక్షణ ఉన్నవాళ్లు గానీ కావాలి. మామూలు సరదా డైవింగ్ హద్దు 40 మీటర్లు.

ఏం చూడాలో నేర్చుకోవడానికి కురుసుర కంటే మంచి బడి లేదు, టికెట్ కొనుక్కుని వెళ్లండి. సోవియట్ వాళ్లు కట్టిన బోటు, 91.3 మీటర్ల పొడవు. ముందు ఆరు టార్పెడో గొట్టాలు, వెనక నాలుగు. ఇప్పుడు ఘాజీ సంగతి చూడండి: 95 మీటర్లు, ముందు ఆరు, వెనక నాలుగు. సోనార్ బొమ్మలో ఈ రెండిటినీ విడదీయడం కష్టమే. కానీ కురుసుర తోక వైపు వెళ్లి చూడండి, ప్రొపెల్లర్లు మూడు ఉంటాయి. ఘాజీకి రెండే. తేడా తేల్చేది ఇలాంటి చోటే.

అందుకే నేను చూసే వరుస ఇది. మొదట తోక. మన మత్స్యకారులు పడవ ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారు, సబ్‌మెరైన్ విషయంలో అమరమే ఎక్కువ మాట్లాడుతుంది. ప్రొపెల్లర్లు ఎన్ని, రెక్కలు ఎన్ని, వెనక టార్పెడో గొట్టాలు ఉన్నాయా, ఉంటే ఎన్ని. ఆర్‌ఓ-110కి ముందు నాలుగు గొట్టాలే, వెనక ఒక్కటీ లేదు. వెనక ఒక్క గొట్టం మూత కనబడినా ఆర్‌ఓ-110 జాబితా నుంచి పోయినట్టే. జర్మన్ బోట్లలో కూడా ఇదే చిట్కా: ఏడో రకం సి బోటు 67 మీటర్లు, వెనక ఒక గొట్టం, తొమ్మిదో రకం సి బోటు దాదాపు 77 మీటర్లు, వెనక రెండు.

తర్వాత కానింగ్ టవర్ ఆకారం, ఫిరంగులు బిగించిన గుండ్రటి దిమ్మలు, పైమూతలు ఎక్కడెక్కడ ఉన్నాయో. అన్నిటికంటే చివరగా పక్క రేకు మీద నీళ్లు కారిపోవడానికి కోసిన రంధ్రాల వరుస. జర్మన్ బోట్లలో ఈ రంధ్రాల అమరిక ఒక్కో షిప్‌యార్డులో ఒక్కోలా ఉండేది కాబట్టి, ఒకే రకం బోట్లలో కూడా ఎవరు కట్టిందో చెబుతుంది.

ఒక జాగ్రత్త. బోటు తయారైనప్పటి ఫొటోతో పోల్చకండి, మునిగినప్పటికి ఎలా ఉందో దాంతో పోల్చండి. ఘాజీ 1944లో డయాబ్లో పేరుతో అమెరికాలో నీళ్లలోకి దిగిన బోటు. తర్వాత దానికి స్నోర్కెల్ (నీటి కింద ఉండగానే పైనుంచి గాలి తీసుకునే గొట్టం) బిగించి, పైభాగం నునుపుగా మార్చారు. 1964లో పాకిస్తాన్ చేతికి వచ్చింది. డెక్ మీద ఫిరంగి లేదు కాబట్టి ఇది డయాబ్లో కాదు అని 1945 ఫొటో చూసి వాదిస్తే పరువు పోతుంది. అలాగే లోపలి పరికరాల మీద అమెరికా కంపెనీల పేర్లుంటే అది ఘాజీకి వ్యతిరేక సాక్ష్యం కాదు, అనుకూల సాక్ష్యం.

ఆరో అడుగు: దెబ్బ ఎక్కడ తగిలింది

ముంచినవాళ్ల రిపోర్టులో దెబ్బ గురించి రాసినది శిథిలం మీద కనిపించాలి. గ్రేబ్యాక్ మీద విమానం వేసిన బాంబు కానింగ్ టవర్ వెనక తగిలిందని జపాన్ రిపోర్టు, శిథిలం మీద దెబ్బ కూడా అక్కడే. ఇలా కుదిరితే బలమైన సాక్ష్యం.

రేకు అంచులు చూడండి. లోపలికి వంగితే బయటి దెబ్బ గానీ, లోతు పీడనానికి నలిగిపోవడం గానీ. బయటికి పువ్వులా విచ్చుకుంటే లోపల ఏదో పేలింది. కానీ బయటి దెబ్బకే లోపలి టార్పెడోలు పేలొచ్చు. తర్వాత ఏళ్ల తరబడి ట్రాలర్ల వలలు, లంగర్లు లాగి చీల్చిన గాట్లు కూడా ఉంటాయి. గాటు మీద పేరుకున్న నాచు, గవ్వల పొర చుట్టూ ఉన్నంత మందంగా లేకపోతే అది కొత్త గాటు. పైమూతలు తెరిచి ఉన్నాయా? తెరిచి ఉంటే నీటి పైన ఉండగా మునిగిందేమో, లేదా ఎవరైనా బయటపడే ప్రయత్నం చేశారేమో. ముందు వెనక రెక్కలు, చుక్కాని ఏ కోణంలో ఆగిపోయాయో చూస్తే చివరి నిమిషంలో పైకి వస్తోందో, కిందికి దిగుతోందో తెలుస్తుంది.

యూ-166ను 1942 ఆగస్టు 1న ఒక విమానం ముంచిందని యుద్ధం తర్వాత రాసుకున్నారు. అది దొరికిన చోటు మాత్రం ఆ విమానం దాడి చేసిన చోటుకు చాలా దూరం, రాబర్ట్ ఇ. లీ పక్కన. జులై 30న ఆ ఓడను కాపాడుతున్న పీసీ-566 అనే చిన్న నౌక డెప్త్ చార్జీలు (నీటి లోతులో పేలే బాంబులు) వేసి, ముంచామని చెబితే అప్పట్లో ఎవరూ నమ్మలేదు. ఆ నౌక కెప్టెన్ హెర్బర్ట్ క్లాడియస్‌కు 2014లో, చనిపోయిన తర్వాత, పతకం ఇచ్చారు.

ఏడో అడుగు: పేరున్న వస్తువు

అందరూ కలలుగనేది దీని గురించే. ఒక్కోసారి నిజంగానే దొరుకుతుంది కూడా: గ్రేబ్యాక్ మీద పేరు రాసిన పలక కెమెరాలోనే కనిపించింది. 2005లో థాయ్‌లాండ్ గల్ఫ్‌లో దొరికిన అమెరికా బోటు లగార్టో ప్రొపెల్లర్ మీద "మనిటోవాక్" అని షిప్‌యార్డు ఊరి పేరు ఉంది.

అయితే ప్రొపెల్లర్ మీది అంకె చూసి ఎగిరి గంతేయకండి. మొదటి ప్రపంచ యుద్ధపు జర్మన్ బోట్లలో బోటు నంబరు ప్రొపెల్లర్ మీదే కొట్టేవాళ్లు, కానీ రిపేరుకు వచ్చినప్పుడు ఒకదాని ప్రొపెల్లర్ ఇంకోదానికి బిగించిన సందర్భాలు ఉన్నాయి. వస్తువు ఎంత సులభంగా చేతులు మారుతుందో, దాని సాక్ష్యం అంత తేలిక. కత్తి, పళ్లెం, చెంచా తేలిక. ఇంజిన్‌కు బిగించిన రేకు బరువు. బోటు ఒళ్లు, అంటే గొట్టాలు, ప్రొపెల్లర్ల లెక్క, అన్నిటికంటే బరువు.

పళ్లెం మీది ఏడాది మాత్రం ఒక పని చక్కగా చేస్తుంది. 1944 అని ముద్ర ఉన్న పళ్లెం దొరికితే, అంతకుముందే మునిగిన బోట్లన్నీ ఒక్క దెబ్బతో జాబితా నుంచి పోతాయి. వస్తువులను పైకి తేవక్కర్లేదు, ఫొటో చాలు.

ఎనిమిదో అడుగు: కొట్టివేతలు రాసి చూపించడం

ఒక కాగితం మీద ఎడమ వైపు జాబితాలోని బోట్లు, పైన అడ్డంగా సాక్ష్యాలు రాయండి. ప్రతి గడిలో "కుదిరింది", "కుదరదు", "తెలియదు" ఈ మూడిట్లో ఒకటి. ఒక్క గట్టి "కుదరదు" ఉంటే బోటు పోయినట్టే. ఎన్ని "కుదిరింది"లు ఉన్నా, పక్క బోటుకు కూడా అవే కుదిరితే మీరింకా ఏమీ తేల్చనట్టే. చివరికి ఒక్కటే మిగిలితే "ఖాయం", రెండు మిగిలితే "బహుశా". "బహుశా" అని రాయడానికి సిగ్గుపడకండి.

ఫలితాన్ని ముందు ఆ దేశపు నేవీకి పంపాలి. అమెరికా బోట్ల విషయంలో వాళ్ల నేవీ చరిత్ర విభాగం సాక్ష్యాలు పరిశీలించి అధికారికంగా ప్రకటిస్తుంది. కుటుంబాలకు కబురు వాళ్ల ద్వారా వెళ్లాలి, ఫేస్‌బుక్ పోస్టు ద్వారా కాదు. కచ్చితమైన చోటు బయటపెట్టొద్దు. ఇత్తడి కోసం ప్రొపెల్లర్లు కోసుకుపోయే దొంగలు ఉన్నారు.

ఇక ఆ కాగితంలో మునిగిన కారణానికి విడిగా ఒక గడి గీయండి, పేరు గడితో కలపకండి. ఘాజీ విషయంలో పేరు దగ్గర ఏ పేచీ లేదు. కారణం దగ్గర మాత్రం, ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకు మునిగిందని మన నేవీ మాట, తన సొంత మైన్లు పేలి మునిగిందని పాకిస్తాన్ మాట, బ్యాటరీల నుంచి వచ్చిన హైడ్రోజన్ పేలి ఉంటుందని మరికొందరి మాట. మూడూ ఆ గడిలో రాసి, పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఉంచాను.